వార్షిక నివేదిక 2024–25: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పణ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, వరంగల్, హన్మకొండ, జనగామ, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల నుంచి వచ్చిన కళాకారులకు, ఏళ్ల తరబడి సంఘానికి అండగా నిలుస్తున్న దాతలకు నమస్కారాలు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన జానపద కళాకారుల సంఘం చేసిన పనుల వివరాలను నియమావళి ప్రకారం ఈ సమావేశం ముందు ఉంచుతున్నాను.

ఈ ఏడాది మనకు దూరమైన పెద్దలను ముందుగా స్మరించుకోవడం మన విధి. కోయ డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల చరిత్రను పాడి 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు 2024 జూన్‌లో, గోండుల గుస్సాడి నృత్యానికి 2021లో పద్మశ్రీ తెచ్చిన కనకరాజు గారు అక్టోబరులో కన్నుమూశారు. ‘బలగం’ చిత్రంలోని పాటతో తెలుగువారందరినీ కంటతడి పెట్టించిన దుగ్గొండి మండలపు మొగిలయ్య గారు డిసెంబరులో మరణించారు. మొగిలయ్య గారి పేరు తలచుకున్నవారెవరూ ఆయన భార్య కొమురమ్మ గారిని విడిగా తలచుకోలేరు. ఆమె పక్కన లేకుండా ఆయన పాడగా విన్నవారు మనలో ఎవరూ లేరు. చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్య గారి ద్వారా 2024లో పద్మశ్రీ దక్కడం ఈ దుఃఖాల మధ్య మనకు దొరికిన ఊరట.

వేసవిలో పిల్లలకు డోలు, తాళాలు, కంజీర నేర్పే శిబిరాన్ని నిర్వహించాం. నేర్పిన గురువులు పారితోషికం తీసుకోలేదు, భోజనాల ఖర్చును దాతలు భరించారు. ఇద్దరు వృద్ధ కళాకారుల పింఛను దరఖాస్తులను సంఘమే రాసి, వెంట తిరిగి పూర్తి చేయించింది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలకు వెళ్లే బృందాలకు ఎప్పటిలాగే మన గదిని బసగా ఇచ్చాం.

ఈ సంవత్సరం మనం గర్వంగా చెప్పుకోవలసినది ఫిబ్రవరిలో హన్మకొండలో జరిపిన సన్మాన సభ. మన సభ్యుల్లో పెద్దవారైన ఒక ఒగ్గు కథకుడిని, అంటే డోలు, తాళాల నడుమ మల్లన్న కథలను పాడి చెప్పే కళాకారుడిని, సత్కరించాలని కార్యవర్గం తీర్మానించింది. నివేదికలో తన పేరు మళ్లీ రాయవద్దని, తాను వేదిక మీద తలచుకున్న మనుషుల గురించి రాస్తే చాలునని ఆయన కోరినందువల్ల ఆ మాట పాటిస్తున్నాను. శాలువా కప్పడానికి పిలిచినప్పుడు ఆయన కుర్చీలోంచి లేవలేదు. “నా పక్కన డోలు కొట్టినోణ్ని ముందు పిలువుండ్రి, నేను ఆయెన్క వస్త” అన్నారు. సభలో వెనుక వరుసలో కూర్చున్న డోలు కళాకారుడిని ముందుకు తీసుకువచ్చిన తర్వాతే ఆయన లేచారు.

ఆ తర్వాత దాదాపు గంటసేపు ఆయన మాట్లాడారు. అందులో తన గొప్ప ఒక్కటీ చెప్పుకోలేదు. తనకు కథ నేర్పిన మేనమామ చాలా ఏళ్లు ఒగ్గు అనే చిన్న డమరుకాన్ని ముట్టనివ్వలేదని, డోలు మోయించి, తాళాలు వేయించి, వంతగా, అంటే కథకుడి పాటను అందుకుని పాడేవాడిగా, నిలబెట్టి, చెవితోనే మల్లన్న కథ మొత్తం వచ్చేటట్టు చేశాడని చెప్పారు. రాత్రంతా సాగే కథలో నడిజాము దాటి తన గొంతు బొంగురుపోయినప్పుడు, వంతలు పదాన్ని అందుకుని ఇంకో రెండుసార్లు తిప్పి పాడేవారట, నడుమ ఏదో కొంటె ప్రశ్న వేసి జనాన్ని నవ్వించి తనకు నీళ్లు తాగే వ్యవధి ఇచ్చేవారట. ఆ వ్యవధి జనానికి ఎన్నడూ తెలియలేదని చెబుతూ ఆయన కళ్లు తుడుచుకున్నారు. వంత పాడినవాళ్లెవరో తెలియని మన కొత్త సభ్యులకు ఒగ్గు కథ ఎలా నిలబడుతుందో ఆ ఒక్క మాటతో అర్థమైంది.

వానాకాలంలో చెమ్మకు సాగిపోయిన తోలును బిగించి, డబ్బులు పంట చేతికొచ్చాక తీసుకున్న మనిషిని ఆయన తలచుకున్నారు. మల్లన్న పూజకు పట్నాలనే రంగుల ముగ్గులు వేయించిన కురుమల, గొల్లల ఇళ్లను ఊరూరి పేరుతో చెప్పారు. ఆ ఇళ్ల పెద్దలు పెట్టిన బియ్యం, బట్టలు ఒక ఎత్తయితే, కథలో ఒక వంశావళి తప్పిపోయిన రాత్రి జనం ముందు ఏమీ అనకుండా తెల్లవారిన తర్వాత పక్కకు పిలిచి సరిదిద్దిన ముసలాయనకు తాను పడిన రుణం మరో ఎత్తని అన్నారు. అక్షరం రాని తనకు ఆకాశవాణి నుంచి వచ్చిన ఉత్తరం చదివిపెట్టిన బడిపంతులు, తాను జాతరల వెంట తిరుగుతున్న నెలల్లో నాటుకు, కలుపుకు కూలికి వెళ్లి పిల్లలను సాకిన భార్య కూడా ఆ జాబితాలో ఉన్నారు. గుడి ముంగిట ఉన్న ఒగ్గు కథను సభావేదికల మీదికి చేర్చిన మిద్దె రాములు, చుక్క సత్తయ్య గార్లు ముందు నడవకపోతే తనను పట్నానికి పిలిచేవారే ఉండేవారు కాదని చెప్పి ముగించారు. 2010లో రాములు గారు, 2017లో సత్తయ్య గారు పోయిన తర్వాత వారిని ఒక శిష్యతరం ఇంత ఆప్యాయంగా తలచుకోవడం నేను వినలేదు.

ముఖ్య అతిథిగా ఒప్పుకున్న అధికారి ఆలస్యంగా వచ్చి, ఫొటో దిగి, సన్మానం పొందిన వ్యక్తి మాట్లాడకముందే వెళ్లిపోయారన్నది కూడా ఇక్కడ నమోదు చేయక తప్పదు. కళాకారుల మేలు కోసమే ఉన్న శాఖలో పనిచేసేవారు కళాకారుడి మాట వినడానికి గంట కేటాయించలేకపోవడం బాధాకరం. ప్రభుత్వ కార్యక్రమాలకు పిలిచేటప్పుడు కూడా ఇదే తీరు కనిపిస్తోంది. ఎనిమిది మంది బృందం కావాలంటారు, నలుగురి ఖర్చులే మంజూరు చేస్తారు, ధ్రువపత్రం మీద ప్రధాన కథకుడి పేరు ఒక్కటే రాస్తారు. వంతలూ వాద్యకారులూ ముసలితనంలో పింఛను అడగడానికి వెళ్తే, తాము కళాకారులమని చూపడానికి వారి చేతిలో కాగితం ముక్క ఉండదు.

సభ ఏర్పాట్లకు పేర్లు ఇచ్చిన యువ సభ్యుల్లో ఎక్కువమంది ఆ రోజు రాలేదు. సన్మానం చూడవచ్చిన వృద్ధ కళాకారులే కుర్చీలు మోశారు, శారద కథలు పాడే ఆడవాళ్లు అన్నం వడ్డించారు. రాలేమని ముందు రోజు చెప్పినా వేరే ఏర్పాటు చేసుకునేవాళ్లం. మళ్లీ పేరు ఇచ్చేవారు దయచేసి ఈ సంగతి మనసులో పెట్టుకోవాలని కోరుతున్నాను.

జమా ఖర్చుల లెక్కలను ఆడిటర్ పరిశీలించారు, ప్రతులు సమావేశంలో పంచుతున్నాం. సందేహాలుంటే కోశాధికారి సమాధానం చెబుతారు. సభ్యత్వ రుసుము బకాయి ఉన్నవారు ఈ రోజే చెల్లించాలని మనవి.

భోజనాలకు బియ్యం, కూరగాయలు ఇచ్చిన రైతులకు, షామియానా అద్దెలో సగం తగ్గించిన దుకాణదారుకు, వార్త వేసిన విలేకరులకు, రాత్రి ఆలస్యమైనా కళాకారులను ఊళ్లకు చేర్చిన ఆటో డ్రైవర్లకు, ప్రతి ఆదివారం గది తలుపు తీసి ఊడ్చిన సభ్యురాలికి సంఘం పక్షాన కృతజ్ఞతలు.

కార్యవర్గం తరఫున రెండు తీర్మానాలను మీ ఆమోదం కోసం ప్రతిపాదిస్తున్నాను. వచ్చే ఏడాది నుంచి మన సంఘం ఇచ్చే ప్రతి ధ్రువపత్రంలో బృందంలోని అందరి పేర్లూ, వారు వాయించే వాద్యంతో సహా ఉండాలి. వచ్చే సన్మానాన్ని ఒక వంతకూ, డోలుకు తోలు బిగించే ఒక పనివాడికీ చేయాలి. వారిద్దరి పేర్లనూ ఈసారి సన్మానం పొందిన ఆ పెద్దాయనే సూచించారు. చర్చ తర్వాత చేతులెత్తి తెలపవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

గౌరవ కార్యదర్శి