మా పాకలో వచ్చిన జబ్బు గురించి, పాలు పోయించుకునే అందరికీ

రెండు వారాలుగా పాలు ఎందుకు తగ్గించి పోస్తున్నానని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే కంటే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సంక్రాంతికి ముందు మా చూడి గేదె ఒకటి ఏడో నెలలో ఈసుకుపోయింది. మాయ పడలేదు. ఆరేళ్లుగా మా దగ్గర పని చేస్తున్న అబ్బాయి చేయి పెట్టి తీశాడు. చేతికి తొడుగు లేదు. గడ్డి కోసేటప్పుడు కొడవలి తగిలిన గాటు వేలి మీద ఇంకా మానలేదు. నేను పక్కనే టార్చి పట్టుకుని నిలబడ్డాను. వద్దనలేదు.

మూడు వారాలకు అతనికి జ్వరం మొదలైంది. పగలు బాగానే తిరిగేవాడు, సాయంత్రానికి ఒళ్లు కాలిపోయేది. రాత్రి చెమటకు తడిసిన దుప్పటిని పొద్దున్నే వాళ్లావిడ దండెం మీద ఆరేసేది. నడుము, మోకాళ్లు పట్టేసి, పాలు పితకడానికి గొంతుక్కూర్చోలేక బకెట్ బోర్లించుకుని కూర్చునేవాడు. టైఫాయిడ్ అని మందులు వాడాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. రెండు నెలల తర్వాత ఒక డాక్టరుగారు "ఏం పని చేస్తావు?" అని అడిగి రక్తపరీక్ష రాశారు. బ్రూసెల్లోసిస్ అని తేలింది, పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బు. గేదె సంగతి నేను మొదటి రోజే చెప్పి ఉంటే అతనికి ఇంత బాధ ఉండేది కాదు. అది నా తప్పు.

రెండు రకాల మందులు ఆరు వారాలు మానకుండా వాడాలి. మందులు, జీతం నేనే ఇస్తున్నాను. అతన్ని గుమ్మంలోకి రానివ్వొద్దని ఒకరిద్దరు అన్నారు. ఇది మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదండి, దయచేసి అలా అనొద్దు.

పశువుల డాక్టరుగారు పదకొండు గేదెలకూ రక్తం తీసి పంపితే రెండింటికి ఉందని వచ్చింది. వాటి పాలు క్యానులో కలపడం లేదు, అందుకే తక్కువ. పశువులకు దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. సంతకు తోలేయమని బేరగాళ్లు వచ్చారు. ఇంకొకరి పాకలో ఈనితే అక్కడా ఎవరో ఒకరు మాయ తీయాలి కదా. అమ్మను. దొడ్డి చివర విడిగా కట్టేశాను.

ఇప్పుడు మీ సంగతి. అంతకు ముందు ఆ పాలు కూడా కలిసే మీ ఇళ్లకు వచ్చాయి. పొంగు వచ్చేదాకా కాచిన పాలలో ఈ క్రిమి బతకదు. కాచి తాగినవారికీ, కాచి తోడు పెట్టుకున్నవారికీ టెన్షన్ అక్కర్లేదు. కానీ పొద్దున్నే పాక దగ్గరకు వచ్చి పిల్లలకు గుమ్మపాలు పట్టించే నాలుగిళ్ల వాళ్లున్నారు. మీకు ఫోన్ చేశాను, మళ్లీ రాస్తున్నాను. ఇంట్లో ఎవరికైనా వదలని జ్వరం, కీళ్ల నొప్పులు ఉంటే పచ్చిపాలు తాగామని డాక్టరుకు చెప్పండి. కడుపుతో ఉన్నవాళ్లు తాగి ఉంటే జ్వరం కోసం చూడకుండా ఇప్పుడే చెప్పండి. ఇకపై గుమ్మపాలు ఎవరడిగినా ఇవ్వను.

పాకలో మోచేయి దాటే తొడుగులు, గమ్‌బూట్లు తెచ్చాను. ఏ గేదె ఈసుకుపోయినా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడుస్తాం. పెయ్య దూడలకు 4 నుంచి 8 నెలల వయసులో, జీవితంలో ఒక్కసారి వేసే టీకా ఉంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. మా దూడల్లో ఒకదానికి ఆ వయసు దాటిపోయింది, పట్టించుకోలేదు. మిగిలిన మూడింటికి వేయించాను.

అబ్బాయికి ఇంకా మూడు వారాల మందులున్నాయి. జ్వరం రావడం లేదు. నిన్న వచ్చి గేదెల్ని చూసి వెళ్లాడు. అతను కోలుకునేదాకా పితికేది నేనూ మా ఆవిడే, కాబట్టి ఆరింటికి రావాల్సిన పాలు ఏడవుతాయి. తగ్గించి పోసిన పాల లెక్క నెలాఖరు చీటీలో తీసేస్తాను.