పాత రోబో బొమ్మల సేకరణ: సభ్యులకు 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

చేతిలో ఉన్న బొమ్మ మామూలు దానికంటే తేడాగా కనిపిస్తే, ఆ తేడా ఫ్యాక్టరీలోనే వచ్చిందా, తర్వాత ఎవరైనా తెచ్చిపెట్టారా? ఈ ఏడాది మన సంఘం పనంతా దాదాపు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. గత సర్వసభ్య సమావేశంలో దీని మీద గట్టి వాదనే జరిగింది. "చాలా అరుదైన పీస్ సార్" అన్న మాట నమ్మి డబ్బు పోసి, తర్వాత బాధపడిన వాళ్లు మనలో ఉన్నారు. అందుకే కార్యవర్గం ప్రదర్శనలు తగ్గించి నెలవారీ సమావేశాలను పరిశీలనకే కేటాయించింది. మన చెన్నై పశ్చిమ మాంబళంలో తమ మేడ మీది గదిని మనకు వదిలేసి, వచ్చిన ప్రతిసారీ కాఫీ ఇచ్చి పంపిన కుటుంబానికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ముందుగా మాటల విషయంలో ఒక ఒప్పందానికి వచ్చాం. కంపెనీ తెలిసి చేసిన మార్పు వేరియంట్. కంపెనీ అనుకోకుండా ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చేసిన తప్పు ఎర్రర్. ఎండకో, పిల్లల చేతులకో, అమ్మేవాడి తెలివికో మారిపోయిన బొమ్మ ఈ రెంటిలో ఏదీ కాదు. చెప్పడానికి తేలికే, తేల్చడానికే సాయంత్రాలు పట్టాయి.

జులై, ఆగస్టు సమావేశాలు పూర్తిగా ట్రాన్స్‌ఫార్మర్స్ మీదే, అంటే కారుగానో విమానంగానో మారే రోబో బొమ్మల మీదే నడిచాయి. 1984లో అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో వీటిని అక్కడ విడుదల చేసేటప్పుడు బొమ్మలను కొత్తగా తయారు చేయించలేదు. జపాన్‌లో తకారా అనే కంపెనీ అప్పటికే అమ్ముతున్న డయాక్లోన్, మైక్రో ఛేంజ్ వరుసల నుంచి ఏరి తెచ్చింది. ఆప్టిమస్ ప్రైమ్ డయాక్లోన్ నుంచి, తుపాకీగా మారే మెగట్రాన్ మైక్రో ఛేంజ్ నుంచి వచ్చాయి. ఒకే అచ్చు రెండు దేశాల్లో, రెండు పేర్లతో, వేర్వేరు రంగుల్లో తిరిగింది కాబట్టే ఇన్ని తేడాలు పుట్టాయి.

చిన్న కారుగా మారే బంబుల్‌బీ ఎరుపులో దొరికితే కొత్త సభ్యులు కంగారు పడతారు. అది తప్పు పీస్ కాదు. బంబుల్‌బీ, దాని జోడు బొమ్మ క్లిఫ్‌జంపర్ రెండూ పసుపులోనూ ఎరుపులోనూ మామూలుగానే అమ్ముడయ్యాయి. అసలు చిక్కంతా మూడో దానితో. క్లిఫ్‌జంపర్ పేరున్న కొన్ని కార్డుల్లో, అంటే బొమ్మను అమర్చి అమ్మే అట్టల్లో, లోపల ఇంకో చిన్న పసుపు కారు వచ్చింది. బంబుల్‌బీ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, క్లిఫ్‌జంపర్ పోర్షే, ఇదేమో మాజ్దా ఫమీలియా. సేకర్తలు దీనికి బంబుల్‌జంపర్ అని పేరు పెట్టుకున్నారు, బంపర్ అని కూడా అంటారు. ఇదే కారు జపాన్‌లో మైక్రో ఛేంజ్ బొమ్మగా విడిగానూ అమ్ముడైంది. కాబట్టి కార్డు లేని విడి పీస్ చూపించి హాస్‌బ్రో ఎర్రర్ అంటే ఒప్పుకోవద్దు. విలువంతా ఊడదీయని కార్డులోనే ఉంది.

కారుగా మారే ఇంకో రోబో బ్లూస్ట్రీక్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. పెట్టె మీది బొమ్మ నీలం, లోపలి కారు వెండి రంగు. పెట్టె మీద నీలం వేశారు కాబట్టి లోపల కూడా ఎక్కడో నీలం ఉండి తీరాలన్నది ఆశే, ఆధారం కాదు. విమానంగా మారే జెట్‌ఫైర్‌ది ఇంకో తీరు. అది అసలు తకాతోకు అనే కంపెనీ తయారు చేసిన, మాక్రాస్ అనే జపాన్ కార్టూన్ సీరియల్‌లోని విమానం. 1985లో హాస్‌బ్రో అమ్మిన తొలి విడత రెక్కల మీద మాక్రాస్ గుర్తు అలాగే ఉండిపోయింది, తర్వాతి వాటిలో లేదు. ఇది నికరమైన వేరియంట్.

ఇదే సందర్భంలో రెండు అపోహలు కూడా తొలగించుకున్నాం. వేలితో రుద్దితే గుర్తు కనిపించే వేడి స్టిక్కర్ 1985లోనే మొదలైంది, కాబట్టి 1984 నాటి బొమ్మ మీద అది లేకపోవడం లోపం కాదు. అలాగే అమెరికా పీసుల్లో మిస్సైల్ దూసుకుపోకపోతే స్ప్రింగ్ పాడైందనుకోకండి. 1970ల చివర్లో వేరే కంపెనీ బొమ్మ మిస్సైల్ గొంతులో ఇరుక్కుని ఒక పిల్లవాడు చనిపోయాక అక్కడి కంపెనీలు భయపడ్డాయి. జపాన్‌లో జోరుగా ఎగిరే మిస్సైళ్లను అమెరికా పీసుల్లో కావాలనే బలహీనం చేశారు.

నవంబరు సమావేశం గురించి కాస్త వివరంగా రాయాలి. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది అదే. ఒక సభ్యురాలు తమ మామగారి బీరువాలో దొరికిన జపాన్ రేకు రోబోను తెచ్చారు. ఛాతీ మీది డయళ్ల చుట్టూ ఉండాల్సిన ఎర్ర గీతలు ఎడమకు జరిగి తెల్ల రంగు మీద పడ్డాయి. తర్వాత ఎవరో రంగు దిద్దారని మొదట చాలామంది అన్నారు. అప్పుడు రేకు బొమ్మ ఎలా తయారవుతుందో గుర్తుచేసుకుంటూ మెల్లగా చూశాం. ముందు చదునైన రేకు మీద ఒక్కో రంగూ విడివిడిగా అచ్చు వేస్తారు. తర్వాతే ముక్కలుగా కోసి, ప్రెస్‌లో వంచి, నాలుకల్లాంటి కొసలను గంట్లలోకి దూర్చి మడుస్తారు. ఎరుపు అచ్చు పడేటప్పుడు రేకు జరిగితే ఆ ముక్క మీది ఎరుపంతా ఒకే వైపుకు, ఒకే మేర జరగాలి. భూతద్దం పెట్టి చూస్తే అదే కనిపించింది. మూడు డయళ్ల ఎరుపూ సరిగ్గా అంతే ఎడమకు ఉంది. పాదాల ఎరుపు మాత్రం తిన్నగా ఉంది, ఎందుకంటే పాదాలు వేరే ముక్క. పైగా ఎర్ర రంగు మడత కిందికి కూడా వెళ్లింది. బొమ్మ తయారయ్యాక కుంచె పట్టినవాడు మడత లోపలికి రంగు వేయలేడు. సందేహం లేకుండా ఫ్యాక్టరీ తప్పే. అయితే రంగు జరిగిన రేకు బొమ్మలు అప్పట్లో తక్కువేం కాదు, దీన్ని చూపించి ధర పెంచడం న్యాయం కాదని కూడా అదే రోజు రాసుకున్నాం.

ఆ తర్వాతి నెలలో బర్మా బజార్ వైపు నుంచి ఒక వ్యాపారి రెండు కాళ్లూ ఎడమ కాళ్లే ఉన్న రోబోను చూపించాడు. అలాంటి ఎర్రర్లు నిజంగానే ఉంటాయి కాబట్టి అందరికీ ఆశ పుట్టింది. కానీ స్క్రూల తలల మీద గీతలు పడి గాడి అంచులు అరిగి ఉన్నాయి. ఒక కాలి ప్లాస్టిక్ పసుపెక్కింది, రెండోది తెల్లగా ఉంది. ఒకే పెట్టెలో అన్నేళ్లు కలిసి ఉన్న కాళ్లు అలా ఉండవు. కొనలేదు.

రంగు వెలిసిన పీసులను వేరియంట్లని అమ్మడం మన ఊళ్లో ఎక్కువే. మన ఎండకు కిటికీ పక్కన పెట్టిన బొమ్మ ఏ రంగుకైనా తిరుగుతుంది. ఒక స్క్రూ విప్పి, వెలుగు తగలని లోపలి వైపు చూడండి, అసలు రంగు అక్కడ ఉంటుంది. సముద్రపు గాలికి రేకు బొమ్మల అడుగున తుప్పు త్వరగా పడుతుంది, వానాకాలంలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మార్చడం మరవకండి. పాత బ్యాటరీలు లోపలే వదిలేయొద్దని వేరే చెప్పనక్కర్లేదు.

రోబోలు కాకపోయినా ఫన్‌స్కూల్ బొమ్మలను కూడా సభ్యుల బొమ్మల వివరాలు రాసుకునే మన రిజిస్టర్‌లో చేర్చాలని కార్యవర్గం నిర్ణయించింది. కొందరు అభ్యంతరం చెప్పారు. నేను మాత్రం మనస్ఫూర్తిగా సమర్థించాను. ఎమ్మారెఫ్, హాస్‌బ్రో కలిసి పెట్టిన ఈ కంపెనీకి ప్రధాన కార్యాలయం మన చెన్నైలోనే ఉంది. ఇక్కడ తయారైన జి.ఐ. జో సైనికుల బొమ్మల్లో అమెరికాలో ఎన్నడూ రాని రంగులు కనిపిస్తాయి. ఒకే బొమ్మ ఒక విడతలో ఒక రంగు చొక్కాతో, ఇంకో విడతలో ఇంకో రంగుతో వస్తుంది. విదేశీ సేకర్తలు వీటి కోసం ఎంతగా వెతుకుతారో తెలిసిన విషయమే. మన ఇళ్లలో ఇవి అటక మీద సంచుల్లో పడి ఉన్నాయి. ఊరు వదిలి వెళ్లే కుటుంబాలు, ఇల్లు ఖాళీ చేసే పెద్దలు పారేసేలోపు ఒక్కసారి మనకు చూపించేలా బంధువులకు చెప్పండి. ఆ రోజుల్లో టి.నగర్, పారిస్ కార్నర్ దుకాణాల్లో బొమ్మలు అమ్మిన పెద్దల మాటలు రికార్డు చేయడం కూడా మొదలుపెట్టాం. ఏ విడత ఎప్పుడొచ్చిందో వాళ్ల జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేదు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు, ఆడిట్ పూర్తయింది. చందా మారలేదు. గ్రంథాలయం అలమారాకు కొత్త తాళం వేయించాం, తాళంచెవి ఉపాధ్యక్షుల దగ్గర ఉంది.

వచ్చే ఏడాది రిజిస్టర్‌లో చేర్చే ప్రతి పీస్‌కూ ముందు, వెనుక ఫొటోలతో పాటు అడుగున ఉన్న దేశం ముద్ర, స్క్రూలు, ఒక లోపలి భాగం ఫొటోలు కూడా తప్పనిసరి. ఎక్కడ, ఎవరి నుంచి వచ్చిందో రెండు వాక్యాలు రాయాలి. అమ్మినవారి పేరు ఇష్టం లేకపోతే వదిలేయవచ్చు. రీఇష్యూలకు వేరే పేజీ పెడుతున్నాం, ఎందుకంటే తకారా (2006 నుంచి తకారా టోమీ) 2000 నుంచి పాత అచ్చులను మళ్లీ విడుదల చేస్తోంది, వాటిని పాతవని అమ్మేవాళ్లూ పెరుగుతున్నారు. ఉగాదిలోపు మీ మీ వివరాలు అందితే వేసవి సమావేశానికి మొదటి ప్రతి సిద్ధం చేస్తాం.

ఇట్లు,
కార్యదర్శి
చెన్నై