హార్స్‌పవర్ పక్కన బరువు కూడా వేయండి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో లోటస్ ఎలీజ్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల మీద వేసిన పేజీ చదివాను. పట్టికలో ఒక్కో మోడల్‌కీ బీహెచ్‌పీ (ఇంజిన్ శక్తి, హార్స్‌పవర్‌లో), గరిష్ఠ వేగం, ధర ఇచ్చారు, బరువు మాత్రం వదిలేశారు. ఈ కార్ల విషయంలో ముందు చెప్పాల్సింది అదే. పైగా ట్రాక్ కారంటే (రేసు ట్రాక్ మీద నడిపేది) అదే ఎలీజ్‌కి పెద్ద ఇంజిన్ పెట్టి, వెనక రెక్క తగిలించడమే అన్నట్టు రాశారు. అది సరికాదు.

1996లో ఇంగ్లండ్‌లోని హెథెల్ ఫ్యాక్టరీ నుంచి మొదటి ఎలీజ్‌లు వచ్చినప్పుడు వాటిలో ఉన్నది రోవర్ 1.8 లీటర్ కె-సిరీస్ ఇంజిన్, 118 బీహెచ్‌పీ. కారు బరువు 725 కిలోలు, మన మారుతి ఆల్టోకు అటూఇటూగా. టన్నుకు 163 బీహెచ్‌పీ అన్నమాట. చాసిస్ (కారు అడుగు చట్రం) ఒక్కటే అయితే 68 కిలోలు. అల్యూమినియం సెక్షన్లను వెల్డింగ్ చేయకుండా ఎపాక్సీ జిగురుతో అతికించారు. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన అల్యూమినియం బలం తగ్గుతుంది, అందుకని మందం పెంచాలి, దాంతో బరువూ పెరుగుతుంది. జిగురుతో ఆ అవసరం లేదు. అతుకు అంచు నుంచి లేచిరాకుండా స్క్రూలు బిగించారు. అయితే గట్టిగా గుద్దుకుని ఈ చాసిస్ వంగితే మామూలు కార్లలా లాగి సరిచేయడం కుదరదు, మార్చాల్సిందే. పవర్ స్టీరింగ్ లేదు, బ్రేకులకు సర్వో (తొక్కే బలాన్ని పెంచే పరికరం) కూడా లేదు. ఇంత తేలిక కారుకు అవి అక్కర్లేదు.

2000లో లోటస్ నుంచే పైకప్పు బిగించిన ఎక్సీజ్, తలుపులూ పైకప్పూ లేని 340ఆర్ వచ్చాయి. రెండిటికీ కె-సిరీస్ ఇంజినే, 177 బీహెచ్‌పీ. 340ఆర్‌లు చేసినవి 340 మాత్రమే. 2007 నాటి లోటస్ 2-ఎలెవెన్‌లో టయోటా 1.8 లీటర్ ఇంజిన్‌కు సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టే పంపు) పెట్టి 252 బీహెచ్‌పీ తీశారు. బరువు 670 కిలోలు, టన్నుకు 376. ఆ శక్తినే 1,300 కిలోల కారులో పెడితే టన్నుకు 194కు పడిపోతుంది. బరువు లేని పట్టికలో పాఠకుడికి ఈ తేడా ఎలా తెలుస్తుంది?

ఇక రోడ్డు ఎలీజ్‌ని ఉన్నదున్నట్టు ట్రాక్ మీదికి తీసుకెళ్తే ఏమవుతుందో మీ వ్యాసంలో ఒక్క మాటైనా లేదు. టయోటా ఇంజిన్ ఉన్న కారుకు స్లిక్ టైర్లు (గాళ్లు లేని రేసు టైర్లు) వేసి పొడవాటి మలుపులు తిప్పితే సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. పంపు గాలి పీలుస్తుంది, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు అరిగిపోతాయి. సంప్‌లో అడ్డుపలకలు పెట్టించాలి, ఆయిల్ ఎప్పుడూ ఫుల్ మార్కు దగ్గరే ఉంచాలి. వెనక చక్రాన్ని తిన్నగా నిలిపే కడ్డీ, టో లింక్, ఇంకా ప్రమాదం. దాని లోపలి బాల్ జాయింట్‌కు (గుండ్రటి కీలు) ఒక వైపే ఆసరా. రోడ్డు టైర్లతో సరిపోతుంది గానీ, స్లిక్ టైర్ల పట్టుకూ కెర్బ్ (ట్రాక్ అంచు గట్టు) దెబ్బలకూ విరిగితే చక్రం తనంతట తానే పక్కకు తిరిగి కారు గిరగిరా తిరుగుతుంది. రెండు వైపులా ఆసరా ఉండే కిట్ వేయకుండా స్లిక్‌లు వేయకూడదు.

పాత కె-సిరీస్ కార్ల బెడద హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య బిగించే పొర. ఇంజిన్‌లో కూలెంట్ (చల్లబరిచే ద్రవం) తక్కువ, వేడిని బట్టి దాన్ని వదిలే వాల్వు థర్మోస్టాట్ ఉన్నది కూలెంట్ లోపలికొచ్చే వైపు. ఎలీజ్‌లో రేడియేటర్ ముందు, ఇంజిన్ సీట్ల వెనక కాబట్టి పొడవాటి పైపుల్లో చల్లటి కూలెంట్ నిలిచి ఉంటుంది. థర్మోస్టాట్ తెరుచుకోగానే అదంతా కాగిన ఇంజిన్‌లోకి ఒక్కసారిగా దూసుకొచ్చి గాస్కెట్‌ను దెబ్బతీస్తుంది. ఇంజిన్ వేడెక్కకముందే తొక్కేవాళ్లకే ఈ దెబ్బ ఎక్కువ. పలుచని ఉక్కు పొరల గాస్కెట్, హెడ్‌ను కదలకుండా నిలిపే ప్లాస్టిక్ డోవెల్స్ (పిన్నులు) బదులు ఉక్కువి వేయించాలి. లైనర్ల (పిస్టన్లు కదిలే గొట్టాలు) ఎత్తు కొలవకుండా కొత్త గాస్కెట్ బిగిస్తే మళ్లీ పోతుంది.

మన దగ్గర ఎలీజ్ కనబడటం అరుదే. కానీ చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు సొంత కార్లు తీసుకెళ్లే తెలుగు కుర్రాళ్లకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని బ్రేకులకు చేర్చే ద్రవం) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 155 డిగ్రీలకే మరగవచ్చు. అప్పుడు పెడల్ నేలకు తగులుతుంది, కారు ఆగదు. ట్రాక్‌కు వెళ్లేముందు ఫ్లూయిడ్ మార్చాలి. ఆఖరి ల్యాప్ బ్రేకులు తొక్కకుండా నెమ్మదిగా తిప్పాలి, ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేర్‌లో వదలాలి. టైర్లు వేడెక్కాక పెరిగిన గాలి తీస్తే, ఇంటిదారి పట్టేముందు మళ్లీ కొట్టించాలి.

వచ్చే పట్టికలో కిలోల వరుస ఒకటి చేర్చండి. ఏ కారుకు ఏ టైరు, ఏ ఫ్లూయిడ్ అన్నది కూడా వేస్తే ఇంకా మంచిది.

— ఒక పాఠకుడు, హైదరాబాద్