నేలపట్టు బొమ్మల యాత్ర: జమా ఖర్చుల వివరణ

దాతలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నమస్కారం.

మన హైస్కూలు పిల్లలు నేలపట్టు పక్షుల కేంద్రంలో బొమ్మలు వేసిన కార్యక్రమం లెక్కలు ఇవి. ఇంకా చెప్పలేదేమని కొందరు అడిగారు. బస్సు యజమాని దగ్గర్నుంచి ఆఖరి రసీదు రావడం ఆలస్యమైంది. అది చేతికి రాకుండా లెక్క తేల్చకూడదని ఆగాం.

జమ: దాతల చందాలు రూ.31,500, ఉపాధ్యాయులు ఇచ్చినది రూ.6,000, పిల్లల నుంచి తలకు వంద చొప్పున రూ.4,600. మొత్తం రూ.42,100. అడగకముందే పంపినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఖర్చు:
భోజనాలు, నీళ్లు: రూ.5,200
ప్రవేశ టికెట్లు, చిల్లర: రూ.1,150
కాగితాలు, రంగులు, బ్రష్‌లు, అట్టలు: రూ.7,850 (మామూలు డ్రాయింగు షీటు నీటి రంగులకు ఉబ్బిపోతుంది, అందుకే మందం కాగితం కొన్నాం)
స్కూల్లో ఎగ్జిబిషన్: రూ.2,900
బస్సు: రూ.12,500. ఇందులో అద్దె రూ.10,500. మిగతా రెండు వేలు డిసెంబరులో వాయుగుండం వల్ల ప్రయాణం వాయిదా వేసినప్పుడు తిరిగిరాని అడ్వాన్సు. ఆ వానలో పిల్లల్ని చెరువు గట్టు మీదికి తీసుకెళ్లే ధైర్యం ఎవరికుంటుంది? జనవరిలో వెళ్లబట్టే గూళ్లలో పిల్లలు కూడా కనిపించాయి.
బైనాక్యులర్లు నాలుగు: రూ.13,600

అందరూ అడిగేది ఈ చివరి పద్దు గురించే. ఫోన్లో జూమ్ చేస్తే సరిపోయేది కదా, ఆ డబ్బుతో అందరికీ బహుమతులు ఇవ్వొచ్చు కదా అన్నారు. నేలపట్టులో గూళ్లు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద ఉంటాయి. దగ్గరికి వెళ్లనివ్వరు, వెళ్లకూడదు కూడా. పెద్ద పక్షులు బెదిరి లేచిపోతే గూట్లో పిల్లలు ఎండకు మాడతాయి, కాకుల పాలవుతాయి. గట్టు మీంచి ఉత్త కంటితో చూస్తే చెట్ల నిండా తెల్లటి ముద్దలే. బైనాక్యులర్ పెట్టాకే గూడబాతు (పెలికాన్) పైముక్కు అంచున వరసగా ఉన్న నీలి చుక్కలు పిల్లలకు కనిపించాయి, కాగితం మీదికి వచ్చాయి.

ఇంకో సంగతి. ఎనిమిదో తరగతి అమ్మాయి నత్తగుల్ల కొంగను పిల్లతో సహా వేసింది. తల్లి ముక్కు మూసినా పై, కింది భాగాల మధ్య సందు ఉంది, పిల్ల ముక్కుకు లేదు. ఎగ్జిబిషన్‌లో ఒకరు దాన్ని తప్పు బొమ్మ అన్నారు. తప్పు కాదు. ఆ కొంగ పిల్లలకు పుట్టుకతో సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. ఎవరూ చెప్పకుండానే ఆ పాప కళ్లతో చూసి వేసింది. ఏ బహుమతి ఇస్తే ఆ చూపు వస్తుంది? మూడు చోట్ల ధరలు కనుక్కుని, మధ్యరకం కొన్నాం. నాలుగూ స్కూలు స్టాకు రిజిస్టరులో ఎక్కాయి, సైన్సు గది బీరువాలో ఉన్నాయి. కమిటీ సభ్యుల ఇళ్లలో ఉన్నాయన్న మాట నిజం కాదు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

మొత్తం ఖర్చు రూ.43,200. తక్కువ పడిన రూ.1,100 కోశాధికారి తన చేతి నుంచి పెట్టారు.

సభలో ఇస్తామని పేరు రాయించి ఇంకా ఇవ్వని మొత్తం రూ.5,000 ఉంది. పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్లకు తెలుసు. ఆ మాట నమ్ముకునే కాగితాలు ఆర్డరు ఇచ్చాం. దయచేసి ఈ నెలాఖరులోగా పంపండి. కోశాధికారి బాకీ తీర్చగా మిగిలే రూ.3,900తో వచ్చే సీజనుకు రంగులు, కాగితాలు కొంటాం. రసీదులన్నీ హెడ్మాస్టరు గదిలో ఫైలులో ఉన్నాయి.

ఇట్లు,
కార్యక్రమ కమిటీ