ఫోటోలు బాగున్నాయి

మాచర్ల,
ఆదివారం

అమ్మలూ,

ఫోటోలు చూశాం. బాగున్నాయి. స్టేటస్ ఒక్క రోజులో మాయమైపోతుందని బుజ్జిగాడు చెప్పినప్పటి నుంచి మీ అమ్మ రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, పొద్దున పాలు కాగే లోపు ఒకసారి చూస్తోంది. ఈ వారంలో రెండుసార్లు పాలు పొంగిపోయాయి. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. నేనేమీ లెక్కపెట్టలేదు. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఎదురుగా ఉంటుంది కాబట్టి తెలిసింది.

శ్రీలంకలో సిగ్నల్ సరిగా ఉండదేమో అన్నాను మీ అమ్మతో. స్టేటస్‌కి ఉన్న సిగ్నల్ ఫోన్‌కి ఎందుకుండదు అంది. సరే, అది వదిలెయ్. ఫోన్‌లో టైపు చేస్తే నాకు ఒత్తులు కుదరవు. అందుకని కాగితం మీద రాసి, బుజ్జిగాడి చేత ఫోటో తీయించి పంపుతున్నాను.

ముప్పై రెండేళ్ళు సోషల్ చెప్పాను గానీ ఒక్కసారైనా సముద్రం దాటలేదు. అనురాధపురంలో బోధివృక్షం ముందు తెల్ల చుడీదార్‌లో నువ్వు నిలబడ్డ ఫోటో చూసి ఎంత గర్వపడ్డానో చెప్పలేను. అశోకుడి కూతురు సంఘమిత్ర, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో, గయ నుంచి కొమ్మ తెచ్చి ఇస్తే నాటిన చెట్టు అది. ఓడ కదిలాక ఆ బోధి కొమ్మను విడిచి ఉండలేక అశోకుడు ఏడ్చుకుంటూ రాజధానికి తిరిగి వెళ్ళాడని వాళ్ళ పాత చరిత్ర గ్రంథం మహావంశంలో ఉంది. క్లాసులో ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పానో! మొన్న నీ ఫోటో చూస్తుంటే కొత్తగా తట్టింది. ఆ ఓడలో కూతురు కూడా ఉంది కదా. చెట్టు కోసం ఏడ్చాడని రాశారు. రాసినవాళ్ళు భిక్షువులు, వాళ్ళకేం తెలుస్తుంది.

మనకీ ఆ దేశానికీ రాకపోకలు కొత్తవి కావు. నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాగార్జునకొండకి లాంచీలో తీసుకెళ్ళాను. దారంతా వాంతులు చేసుకున్నావు, ఏం గుర్తుంటుందిలే. అక్కడ బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనం ఉంది, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటిది. తామ్రపర్ణి నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యం కట్టించానని చెప్పుకుంది. తామ్రపర్ణి అంటే ఇప్పుడు నువ్వున్న దేశమే. సింహళ విహారం పేరు కూడా ఆ శాసనంలోనే వస్తుంది. పదిహేడు వందల ఏళ్ళ కిందట వాళ్ళు మన కృష్ణ ఒడ్డుకొచ్చి మకాం పెట్టారు. సాగర్ కట్టాక ఆ లోయంతా నీళ్ళ కిందకి పోయింది.

నిన్న గుంటూరు నుంచి రాజ్యం ఫోన్ చేసింది. పెళ్ళి భోజనాల సంగతి, సుబ్బు కారు సంగతి అన్నీ అయ్యాక, “బావగారూ, పిల్ల ఫోటోలు ఎవరు తీస్తున్నారంటారు?” అంది. తీసేవాళ్ళు తీస్తారమ్మా అన్నాను. నీ నల్లకళ్ళద్దాలని పెద్దది చేసి చూసిందట, అందులో ఎవరో పొడుగ్గా కనపడుతున్నారట. రాజ్యం మాట ఎవరు పట్టించుకుంటారు? నేను కూడా పెద్దది చేసి చూశాను. నాకు కొండ తప్ప ఏమీ కనపడలేదు.

నువ్వు వెళ్ళేటప్పుడు “ఆఫీసు వాళ్ళం నలుగురం” అన్నావు. తెలుగులో “వాళ్ళం” అంటే ఆడో మగో తెలియదు. నేను వ్యాకరణం చెప్పినవాణ్ణి కాదు గానీ, ఇది ఇప్పుడే గమనించాను.

ఆ కొండ సిగిరియా అని చూడగానే గుర్తుపట్టాను. పన్నెండు వందల మెట్లు ఎక్కావంటే నీ మోకాలు ఇప్పుడు ఎలా ఉంది? క్రేప్ బ్యాండేజీ నీలం సంచీ పక్క జేబులో పెట్టాను, చూశావా? అక్కడ పెద్ద కందిరీగలు ఉంటాయని, గోల చేస్తే లేస్తాయని బోర్డులు పెడతారట. నువ్వు సెంటు పూసుకోకుండా గడప దాటవు. ఎక్కేశావు కాబట్టి ఇప్పుడు చెప్పి లాభం లేదనుకో.

ఆ కోట కట్టిన కాశ్యపుడి కథ గైడు చెప్పే ఉంటాడు, కానీ సగమే చెప్పి ఉంటాడు. ఐదో శతాబ్దం. తండ్రి ధాతుసేనుణ్ణి దించేసి, దాచిన సొత్తు ఎక్కడో చూపించమన్నాడు. ముసలాయన తాను తవ్వించిన కలావెవ చెరువు దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళు దోసిట్లోకి తీసుకుని, నా సొత్తంతా ఇదే అన్నాడు. కొడుకు నమ్మలేదు, తండ్రిని చంపించాడు. ఆ తర్వాత తమ్ముడు మొగ్గల్లానుడు ఎప్పుడు దండెత్తి వస్తాడోనన్న భయంతో వెళ్ళి ఆ బండ మీద కూర్చున్నాడు. అంత అందమైన చోట కూర్చుని పద్దెనిమిదేళ్ళు టెన్షన్ పడ్డాడు. తల్లిదండ్రులు దోసిట్లో ఏది చూపిస్తే అదే వాళ్ళ దగ్గర ఉన్నది. వాళ్ళ దగ్గర దాచేది ఏమీ ఉండదు. దాపరికం పిల్లల దగ్గరే మొదలవుతుంది. చూశావా, లెక్చర్ ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను.

ఆ కొండకి సగంలో అద్దంలా నున్నటి గోడ ఒకటి ఉంటుంది. వెయ్యేళ్ళ కిందట కొండ ఎక్కినవాళ్ళు పైనున్న బొమ్మల్లో అమ్మాయిల మీద పద్యాలు గీకి వెళ్ళారు. సెనరత్ పరణవితాన అనే పండితుడు వాటిలో 685 చదివి 1956లో అచ్చు వేయించారు. చాలామంది పద్యం కింద తామెవరో, ఏ ఊరో కూడా రాసుకున్నారు. ఫోన్లు లేని కాలం వాళ్ళు.

పొలొన్నరువలో పడుకున్న బుద్ధుడి ముందు నువ్వు పక్కకి తిరిగి నిలబడ్డావు, అది నాకు నచ్చింది. అక్కడ బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగితే వాళ్ళకి మహా కోపం. నీకు ఆ సంగతి తెలిసి ఉండదు. ఎవరో చెప్పి ఉంటారు. తెలిసిన మనిషే.

రైలు ఫోటో మాత్రం నాకు నచ్చలేదు. క్యాండీ నుంచి ఎల్లా వెళ్ళే రైలు చాలా అందంగా ఉంటుందని, ఎల్లా దగ్గర 1921లో కట్టిన తొమ్మిది కమానుల వంతెన ఉందని నాకూ తెలుసు. అందం చూడాలంటే కిటికీ లేదా? తలుపు కమ్మీ పట్టుకుని బయటికి వేలాడాలా? నీ ఒక చెయ్యి కమ్మీ మీద ఉంది. రెండో చెయ్యి లోపల ఎవరో పట్టుకున్నట్టే ఉంది. పట్టుకుంటే మంచిదే. గట్టిగా పట్టుకోమను.

నీకు ధనుష్కోటి సంగతి ఎప్పుడైనా చెప్పానా? 1994 మే నెల. పెళ్ళయి ఏడాదిన్నర. మీ నాయనమ్మ రామేశ్వరం చూడాలంటే ముగ్గురం వెళ్ళాం. ఇరవై రెండు తీర్థాల్లోనూ తలారా స్నానం చేసిన మనిషి, తడి చీర ఆరకముందే లంక చూపించమని కూర్చుంది. అప్పుడు ధనుష్కోటికి రోడ్డు లేదు. చేపల వ్యాన్ ఒకటి ఇసుకలో, నీళ్ళలో పడి పోయేది. ఆ వాసనకి మీ అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. 1964 తుఫానులో ఊరంతా కొట్టుకుపోయి, చర్చి గోడలు, స్టేషన్ మొండి గోడలు మిగిలాయి. చుట్టూ సముద్రం. లంక లేదు. అటువైపు ఒడ్డు ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదమ్మా, కానీ మన కంటికి ఆనదు అన్నాను. “హనుమంతుడికి ఆనింది కదరా” అంది. డ్రైవరు అరుస్తున్నాడు, చీకటి పడితే నీళ్ళు లేస్తాయని. ఈవిడ కదలదు. చివరికి కుంకుమ పొట్లం ఒకటి సముద్రంలో వదిలి, సీతమ్మకి చేరుతుందిలే అని లేచింది.

సుబ్బు దగ్గర అడిగి తీసుకున్న కెమెరా, ముప్పై ఆరు ఫోటోల రీలు. ముగ్గురం కలిసి ఒక్కటన్నా దిగాలని ఒక జాలరి చేతికిచ్చాను. పాపం, నొక్కమన్నచోట నొక్కాడు. ఇంటికొచ్చి కడిగిస్తే మీ నాయనమ్మ నిండుగా ఉంది, సముద్రం నిండుగా ఉంది, మీ అమ్మకి తల సగం లేదు, మూల ఆ జాలరి బొటనవేలు. హాల్లో అద్దం కింద ఉన్నది అదే.

మిగతావి నేను తీశాను. మీ అమ్మ ఒక్కతే ఉన్నవి. గాలికి కొంగు మొహాన పడుతుంటే, అది ఆగేదాకా ఎండలో నిలబడ్డాను. మీ నాయనమ్మ కసురుతోంది, డ్రైవరు అరుస్తున్నాడు, అయినా ఆగాను. అలా ఆగి తీసిన ఫోటోలు ఎలా ఉంటాయో నాకు తెలుసు అమ్మలూ. దారినపోయే వాళ్ళు తీసినవి అలా ఉండవు. నీ బోధివృక్షం ఫోటోలో చున్నీ ఎంత కుదురుగా ఉందో చూసుకున్నావా?

రాజ్యానికి ఇదంతా చెప్పలేదు. మీ అమ్మకీ చెప్పలేదు. ఆవిడకి నాకన్నా ముందే తెలిసిందేమో, పాలు ఊరికే పొంగవు.

క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న మందిరం చూసేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకో. క్యాండీ రాజ్యాన్ని చివరి రోజుల్లో ఏలింది మదురై నుంచి వెళ్ళిన నాయక వంశం వాళ్ళు, మూలం మన తెలుగువాళ్ళే. ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుణ్ణి 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని వేలూరు కోటకి పంపారు. 1832లో అక్కడే పోయాడు. మీ అమ్మ కంటి కోసం వేలూరు వెళ్ళినప్పుడు పాలారు ఒడ్డున ఆయన సమాధి చూశాను. ఎవరూ లేరు, ఒక మేక ఉంది.

నువర ఎలియా వెళ్ళే పని ఉంటే స్వెట్టర్ వేసుకో, అది పద్దెనిమిది వందల మీటర్ల పైన ఉంది. దాని దగ్గరే సీత ఎలియలో సీతమ్మ గుడి ఉంది. మీ నాయనమ్మ పేరు చెప్పి కర్పూరం వెలిగించు. పొట్లం అందిందేమో అడుగు.

అక్కడ ఒక ఫోటో దిగి పంపు. నువ్వొక్కదానివే ఉన్నది వద్దు. ఎంతమంది వెళ్ళారో అంతమందీ ఉండాలి, ఇన్నాళ్ళూ ఫోటోలు తీసిన మనిషితో సహా. ఎవరైనా దారినపోయే వాళ్ళ చేతికి ఫోన్ ఇవ్వండి. తల సగం తెగినా ఫర్వాలేదు.

ఇట్లు,
నాన్న

తా.క.: దాల్చినచెక్క అక్కడ బాగుంటుందట, మీ అమ్మ అరకిలో తెమ్మంటోంది. సాయంత్రం ఏడు నుంచి ఫోన్ దగ్గరే ఉంటాం. నీ కోసమని కాదు, ఆ టైముకి మామూలుగానే అక్కడ కూర్చుంటాం.