కంట్లో పెట్టే అద్దానికి బిల్లులో పేరుండాలి

సంపాదకులకు నమస్కారం.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ బిల్లులు చాలావాటిలో "ఇంపోర్టెడ్ ఫోల్డబుల్ లెన్స్" (కంట్లో అమర్చే, మడతపడే విదేశీ అద్దం) అని ఒక వరస, పక్కన ఒక అంకె ఉంటాయి. కంపెనీ పేరుండదు, మోడల్ ఉండదు, దేనితో చేసిందో ఉండదు. డబ్బా మీది ఎమ్మార్పీ అసలే ఉండదు. ఇంతెందుకైందని అడిగితే "పేటెంట్ లెన్సండీ, బయటిదేశం సరుకు" అంటారు. అంతటితో అడిగినవాళ్ళ నోరు మూతపడుతుంది.

మన చట్టం ప్రకారం పేటెంటు గడువు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ళు. అది తీరాక ఎవరైనా చేసుకోవచ్చు. మరి ఈ లెన్సులు ఎప్పటివి? మొట్టమొదటిది లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో 1949 నవంబర్ 29న కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ పెట్టింది. యుద్ధవిమానం కాక్‌పిట్ పగిలి పైలట్ల కళ్ళలో గుచ్చుకున్న ప్లాస్టిక్ ముక్కలు ఏ వాపూ తేకుండా అలాగే ఉండిపోవడం చూసి ఆయన ఆ పదార్థాన్నే ఎంచుకున్నారు. అదే పీఎంఎంఏ అనే ప్లాస్టిక్. దానికి ఆయన పేటెంటు తీసుకోలేదు. 1992లో మదురైలో మొదలైన అరోల్యాబ్ ఇదే రకం లెన్సును ఇక్కడే తయారుచేయడంతో, అప్పట్లో 100 డాలర్లు పలికిన సరుకు 10 డాలర్ల లోపుకు దిగింది.

పీఎంఎంఏ గట్టిది, మడత పడదు. దాని మధ్యభాగం సుమారు 6 మిల్లీమీటర్లు కాబట్టి కోతా అంతే కావాలి. మడిచి సన్నని గొట్టంలోంచి దూర్చే ఆక్రిలిక్ లెన్సుకు 2.2 నుంచి 2.8 మిల్లీమీటర్ల కోత చాలు. నీటిని పీల్చని ఆక్రిలిక్ లెన్సుల్లో పేరుమోసిన ఆక్రిసాఫ్ అమెరికాలో 1994లో అనుమతి పొందింది. అంటే ఆ తొలి పదార్థం మీది పేటెంట్ల గడువు తీరి చాలా ఏళ్ళయింది. దేశీయ కంపెనీలు ఇప్పుడు ఆ తరహా లెన్సులు చేసి ఎగుమతి కూడా చేస్తున్నాయి. ఇవాళ పేటెంటులో ఉన్నవి వేరు. దూరం, దగ్గర రెండూ కనపడేలా లెన్సు మీద చెక్కే వలయాల ఆకారం, లెన్సును లోపలికి నెట్టే పరికరం, కొత్త తరం పదార్థాలు, ఇలాంటివి. వాటికి ఎక్కువ డబ్బు తీసుకుంటే తప్పులేదు. మామూలు ఒంటి ఫోకస్ లెన్సు పెట్టి పేటెంటు పేరు చెప్పడమే తప్పు.

ఇంకో కిటుకు చెప్పాలి. ఊళ్ళలో "కుట్టు లేని ఆపరేషన్" అనే ఎస్‌ఐసీఎస్ పద్ధతిలో కోత ఎలాగూ 6 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. అందులో మడతపడే లెన్సు పెట్టినా కోత చిన్నదవదు. మడతపడే లెన్సుకుండే చదరపు అంచు వల్ల లెన్సు వెనక పొర మళ్ళీ మసకబారడం తగ్గుతుంది, ఆ లాభం నిజమే. కానీ చదరపు అంచున్న పీఎంఎంఏ లెన్సులూ వస్తున్నాయి. ఈ కుట్టు లేని కోత మీద కూడా అమెరికాలో ఒక డాక్టరు 1992లో పేటెంటు పుచ్చుకుని, తోటి డాక్టరు మీద దావా వేశాడు. 1996లో అది వీగిపోయింది. మన దగ్గర ఆ బెడద లేదు. చికిత్సా పద్ధతులకు పేటెంటు ఇవ్వకూడదని మన పేటెంటు చట్టం సెక్షన్ 3(ఐ) చెబుతోంది.

పదార్థం పేరు తెలియడం ఒక్క డబ్బు కోసమే కాదు. నీటిని పీల్చే హైడ్రోఫిలిక్ ఆక్రిలిక్ లెన్సు ధర తక్కువ, కంట్లోకి మెత్తగా దిగుతుంది. అయితే తర్వాతెప్పుడైనా రెటీనా (కంటి వెనక తెర) ఆపరేషన్‌లో కంటిలోకి గాలి గానీ గ్యాసు గానీ ఎక్కిస్తే దాని మీద సున్నం పేరుకుని తెల్లబారే ప్రమాదం ఉంది. అప్పుడు లెన్సే తీసి మార్చాలి. చక్కెర జబ్బు ముదిరి రెటీనా పాడైనవాళ్ళకు ఈ సంగతి ముందే తెలియాలి. సిలికాన్ లెన్సుదీ ఇలాంటి తంటానే, రెటీనా కోసం నింపే సిలికాన్ నూనె దానికి అంటుకుని వదలదు. రెండు రకాల ఆక్రిలిక్‌కీ తేడా డబ్బా విప్పగానే కొంత తెలుస్తుంది. హైడ్రోఫిలిక్ లెన్సు ఉప్పునీటి సీసాలో తేలుతూ వస్తుంది, నీటిని పీల్చని హైడ్రోఫోబిక్ సాధారణంగా పొడిగా వస్తుంది.

మోడల్ పేరు అంతకన్నా ముఖ్యం. డబ్బా మీద పవర్, మధ్యభాగం 6.0 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 13.0 మిల్లీమీటర్లు, ఎ-కాన్‌స్టెంట్ (లెన్సు పవర్ లెక్కకట్టడానికి వాడే అంకె) 118.4 అని, కింద సీరియల్ నంబర్, ఎక్స్‌పైరీ ఉంటాయి. ఈ ఎ-కాన్‌స్టెంట్ మోడల్‌ను బట్టి మారుతుంది. 118 అనుకుని లెక్కకట్టి, స్టాకు లేదని 119 ఉన్న వేరే కంపెనీ లెన్సును అదే పవర్‌లో పెట్టేస్తే లెన్సు పవర్ ఒక డయాప్టర్ (అద్దాల పవర్‌కు కొలమానం) తప్పుతుంది, చూపులోనూ ఆ తేడా కనపడుతుంది. ఆపరేషన్ బాగానే జరిగినా "అద్దం పెట్టాక కూడా మసకే" అని పేషెంటు తిరుగుతూనే ఉంటాడు. లెన్సు పవర్ లెక్కకు తీసుకునే కంటి పొడవు కొలతలో ఒక మిల్లీమీటరు తప్పు పడితే తేడా సుమారు రెండున్నర డయాప్టర్లు ఉంటుంది. డబ్బాలో అంటించుకునే స్టిక్కర్లు ఒకటికి మించి ఉంటాయి. ఒకటి కేసు షీటుకు, ఇంకొకటి పేషెంటు కార్డుకు. ఆ రెండోదే చాలాచోట్ల చేతికి రాదు.

చుక్కల మందుల్లోనూ ఇదే తంతు. నీటికాసులకు (గ్లాకోమా) రాత్రిపూట వేసే లాటనోప్రోస్ట్ 0.005 శాతం అమెరికాలో 1996లో వచ్చింది, అక్కడే 2011లో పేటెంటు తీరింది. మన దేశంలో 1972 నుంచి 2004 చివరిదాకా మందు పదార్థానికి పేటెంటు లేదు, తయారీ పద్ధతికే ఉండేది. కాబట్టి ఆ తరం మందులకు ఇక్కడ గుత్తాధిపత్యం ఎన్నడూ లేదు. ఖరీదైన బ్రాండే రాసినా అదే శాతం ఉన్న చౌక రకం అడగొచ్చు. మామూలు లాటనోప్రోస్ట్‌తో అసలు చిక్కు నిల్వ. మూత విప్పేదాకా 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, విప్పాక నెల దాటకూడదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫ్రిజ్‌లోని సీసాల గతేమిటో దుకాణాలు పట్టించుకోవాలి. గది ఉష్ణోగ్రతలో నిలిచే రకాలూ ఇప్పుడు దొరుకుతున్నాయి, మన ఎండలకు అవే మేలు.

ఏళ్ళ తరబడి వేసే చుక్కల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే నిల్వ రసాయనం కంటి పైపొరను మంటపెట్టి ఎండబెడుతుంది. లాటనోప్రోస్ట్‌లో అది 0.02 శాతం ఉంటుంది. అది లేకుండా అదే మందును కరిగించి నిలబెట్టడం తేలిక కాదు. సన్ ఫార్మా తెచ్చిన అలాంటి చుక్కలకు 2018లో అమెరికా అనుమతి వచ్చింది. ఇది నిజంగా డబ్బు పెట్టదగ్గ కొత్తదనం. దీనికి పూర్తి విరుద్ధం పొడికళ్ళకు వాడే సైక్లోస్పోరిన్ కథ. దాని యజమాని కంపెనీ పాత పేటెంటు అయిపోయాక కొత్తవి తగిలించి, వాటిని కాపాడుకోవడానికి 2017 సెప్టెంబర్‌లో అమెరికాలోని ఒక మొహాక్ ఆదివాసీ తెగ పేరిట రాసేసింది. తెగకు సార్వభౌమ రక్షణ ఉంటుందని ఎత్తుగడ. మరుసటి నెలలోనే టెక్సస్ కోర్టు ఆ పేటెంట్లను కొట్టేసింది. మన చట్టంలో సెక్షన్ 3(డి) ఉన్నది పాత మందుకు చిన్న మార్పులు చేసి మళ్ళీ పేటెంటు అడిగే ఇలాంటి అతుకులను అడ్డుకోవడానికే. కంటిమందుల మీద వచ్చే దరఖాస్తులను పేటెంటు ఆఫీసు ఇన్‌పాస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, మంజూరుకు ముందే అభ్యంతరమూ పెట్టొచ్చు.

పేటెంటు లేని మందుకు ఇంకో గతి. కోతల్లో, నూర్పుల్లో వరి ఆకు గీరుకునో ఊక పడో కంట్లో బూజు పుండు వస్తుంది. దానికి మొదటి మందు నాటమైసిన్ 5 శాతం. దక్షిణాఫ్రికా నాటాల్ మట్టి నుంచి 1950లలో దొరికింది, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరింది. దాన్ని పొగుడుతూ దుకాణాల చుట్టూ తిరిగే రెప్రజెంటేటివ్ లేడు కాబట్టి పల్లె దుకాణంలో ఉండదు. ఎరుపు తగ్గుతుందని డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు చేతిలో పెడతారు. స్టెరాయిడ్ కంటి రక్షణను అణచివేస్తే బూజు లోతుకు పాకి కంట్లో పువ్వు మిగులుతుంది. నాటమైసిన్ దొరికినా సీసాను బాగా కుదపాలి, మందు అడుగున పేరుకుంటుంది. కుదపకుండా వేస్తే పడేది నీళ్ళే. మొదట్లో గంటకో చుక్క. ఒక్క చుక్కే చాలు, రెప్పలో అంతకన్నా పట్టదు. వేరే మందుంటే 5 నిమిషాలు ఆగాలి.

కళ్ళజోళ్ళ గురించి ఒక్క మాట. నీలి కాంతిని ఆపుతుందనే "బ్లూ కట్" పూతతో కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం లేదని, వైద్య పరిశోధనలను మదింపు చేసే కాక్రేన్ సంస్థ 2023 సమీక్ష తేల్చింది. దానికి అదనంగా ఇచ్చేకంటే పిల్లలకు సులువుగా పగలని పాలికార్బనేట్ అద్దాలు తీసుకోవడం నయం.

మా విన్నపం జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారులకు, ఔషధ నియంత్రణ అధికారులకు. ప్రైవేటు ఆసుపత్రులకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది జిల్లా యంత్రాంగమే. లెన్సు కంపెనీ, మోడల్, పదార్థం, ఎమ్మార్పీ ఆపరేషన్‌కు ముందే తెలుగులో రాసివ్వాలని, స్టిక్కరు డిశ్చార్జి కార్డు మీద అంటించాలని ఉత్తర్వు ఇవ్వండి. దిగుమతి లెన్సు డబ్బా మీద దిగుమతిదారు పేరు, లైసెన్సు నంబరు ఉండి తీరాలి. తనిఖీకి అదొక్కటి చూసినా "ఇంపోర్టెడ్" మాట నిజమో కాదో తేలుతుంది. వైద్య పరికరాల ఎమ్మార్పీని ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదన్న నిబంధన ఉంది, పాత డబ్బాల ధరలతో పోల్చి చూడండి. ఖరీఫ్ కోతలు మొదలయ్యేలోగా టెక్కలి, పాలకొండ, రాజాం, చీపురుపల్లి ఆసుపత్రుల్లో నాటమైసిన్ నిల్వ ఉండేలా ఇండెంటు పెట్టించండి.

ఇట్లు,
కంటి పరీక్షలు, మందుల పంపిణీ వృత్తిలో ఉన్న కొందరు,
విజయనగరం