ఉల్లిపొరలో హరితరేణువులు ఎక్కడివి?

సంపాదకులకు నమస్కారం.

గోపాలపట్నంలో మా వీధి పిల్లలు ఆరుగురు రోజూ సాయంత్రం మా వరండాలో కూర్చుని జీవశాస్త్రం పరీక్షకు చదువుకుంటున్నారు. అందరూ తొమ్మిదో తరగతే. నేను 30 ఏళ్లు ఇవే పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మొన్న వాళ్లకో ప్రశ్న ఇచ్చాను: ఉల్లిపొరను మైక్రోస్కోపులో చూస్తే కనిపించేది గీసి, భాగాలు గుర్తించండి. ఐదుగురు పుస్తకంలోని వృక్షకణం బొమ్మనే దించేశారు. మైటోకాండ్రియా, గాల్జి సంక్లిష్టం, వెలుతురుతో ఆహారం తయారుచేసే పచ్చటి హరితరేణువులు అన్నీ పెట్టారు. మట్టిలో, వెలుతురు సోకకుండా పెరిగే ఉల్లిపాయ పొరలో హరితరేణువులు ఎక్కడివి? బడి మైక్రోస్కోపులో అంత చిన్న గాల్జి ఎలా కనబడుతుంది?

తప్పు పిల్లలది కాదు. వాళ్ల బడిలో మైక్రోస్కోపు అద్దాల బీరువాలో ఉంది, దానికి తాళం ఉంది. పరీక్షల ముందు ప్రయోగాలేమిటి, రివిజన్ చేసుకోండి అన్నారట. ఆ మాట విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు నా పాత మైక్రోస్కోపు దులిపి బయటపెట్టాను. ఉల్లిరేకు లోపలివైపు పల్చటి పొర లాగి, నీటి చుక్కలో పరిచి, రంగు పట్టడానికి టింక్చర్ అయోడిన్ ఒక్క చుక్క వేశాం. "అమ్మమ్మా, కణం దొరికింది!" అని ఒక పాప అరిచింది. చూస్తే నల్లటి అంచుతో గుండ్రంగా గాలిబుడగ. పైన కప్పే పల్చటి గాజుబిళ్లను, అంటే కవర్‌స్లిప్‌ను, ఒక పక్క ఆనించి, సూదితో మెల్లగా దించమన్నాను. ఈసారి ఇటుకల గోడలా వరుసలు, ఒక్కో గదిలో ఓ మూలకు ఒదిగి లేత గోధుమరంగు చుక్క. అదే కేంద్రకం. ఆ పాప చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత పుస్తకం మూసి గీసిన బొమ్మలో హరితరేణువు లేదు.

అలా చూశాక చరిత్ర కూడా కుదురుకుంది. 1665లో బెండులో (కార్క్‌లో) గదులు చూసిన రాబర్ట్ హుక్‌ను, 1831లో కేంద్రకానికి పేరు పెట్టిన రాబర్ట్ బ్రౌన్‌ను పిల్లలు తారుమారు చేస్తుంటారు. హుక్ చూసింది చచ్చిన కణాలను, అంటే మిగిలిన గోడలనే. ఖాళీ గదుల్లో కేంద్రకం ఎలా కనబడుతుంది? ఇది అర్థమైతే ఇక తడబడరు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు సెల్ వాల్, సెల్ మెంబ్రేన్ కలిపేస్తుంటే, రెండు భాషల పాఠ్యపుస్తకంలో ఎదురు పేజీలో ఉన్న తెలుగు చదవమంటాను: సెల్ వాల్ అంటే కణకవచం, సెల్ మెంబ్రేన్ అంటే కణత్వచం. కవచం అనగానే బయట గట్టిగా ఉండేదని, త్వచం అనగానే చర్మంలాంటిదని ఆ మాటలే చెబుతాయి.

ఇక జవాబుల సంగతి. మైటోకాండ్రియాను కణ శక్త్యాగారాలని ఎందుకంటారు అంటే, రెండు పొరలు, లోపలి మడతలు అంటూ అరపేజీ నింపి, శ్వాసక్రియలో శక్తి విడుదలై, కణం వాడుకునే ఏటీపీ అనే పదార్థంగా నిల్వ అవుతుందన్న ఒక్క ముక్క వదిలేస్తారు. "ఎందుకు" అన్న మాట కింద గీత గీసుకుని రాయమంటే అదే పిల్లాడు మూడు వాక్యాల్లో రాశాడు. సముద్రపు ఒడ్డున జాలరిపేటలో ఉప్పు పట్టించి ఎండబెట్టే చేప ఎందుకు త్వరగా పాడవదని అడిగితే, అందరూ ద్రవాభిసరణం (పల్చటి పొర గుండా నీరు ఉప్పు ఎక్కువున్న వైపుకు వెళ్లడం) నిర్వచనం అప్పజెప్పారు. చేపలోని నీటినీ, దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా కణాల్లోని నీటినీ ఉప్పు బయటికి లాగుతుందని ఒక్కరూ రాయలేదు. వాళ్లలో ఇద్దరు ఆ ఒడ్డున రోజూ తిరిగేవాళ్లే.

బడుల పెద్దలను నేను అడిగేది ఒకటే. రివిజన్ నెలలో ఒక్క పీరియడైనా ఆ బీరువా తెరవండి. తర్వాత పుస్తకం మూయించి, తెల్లకాగితం మీద పెన్సిల్‌తో గీయించండి. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. ఒక ఉల్లిపాయ క్లాసు మొత్తానికి సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
గోపాలపట్నం, విశాఖపట్నం